బాపు చెవి

ఆ ఎండాకాలం బడులకు సెలవులిచ్చి నెల తిరిగేసరికి నా కీబోర్డు మొండికేసింది. స్విచ్ వేస్తే తెర వెలుగుతుంది, ఒకసారి కన్ను కొట్టి ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. గోదావరిఖని మే నెల ఎండకు మనుషుల బుర్రలే పనిచేయవు, యంత్రాన్ని ఏమనగలం? కానీ నాకు అదే బతుకుతెరువు. సెలవుల్లో కాలనీ పిల్లలు పొద్దున్నే వచ్చి మా క్వార్టర్ ముందు గదిలో చాపల మీద కూర్చుని స్వరాలు నేర్చుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళ కాలం కాబట్టి సాయంత్రాలు పాటల ప్రోగ్రాములు కూడా ఉండేవి. అన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోయాయి.

మా అమ్మ పూలమ్మకు మాత్రం పెద్ద బాధేమీ కలగలేదు. "పీడ పోయింది. ఆ టింగుటింగులతోటి ఎన్నేండ్లు బతుకుతవే హర్షీ?" అంది.

అమ్మ మనసంతా పక్క లైన్లో ఉండే సంతోషి మీద ఉండేది. సంతోషి వాళ్ళ నాన్నను బొగ్గుగనుల కంపెనీ మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేల్చింది. ఆయన నౌకరి ఆమెకు వచ్చింది. ఇప్పుడు ఆడపిల్లలకూ ఇస్తున్నారు కదా. రోజూ పొద్దున సంతోషి కంపెనీ యూనిఫాం వేసుకుని స్కూటీ మీద వెళ్తుంటే అమ్మ గేటు పట్టుకుని మలుపు తిరిగేదాకా చూసేది. ఆ చూపులో అసూయ ఉండేది కాదు. నన్ను ఆ స్కూటీ మీద కూర్చోబెట్టి చూసుకునేది, అంతే. ఒక్కతే కూతుర్ని. నా బతుకు ఒక గట్టున పడాలని ఆమె తపన.

బాపు మాత్రం ఆ మాట ఎత్తనిచ్చేవాడు కాదు. బాపు అంటే మా నాన్న, పేరు రఘుపతి. భూమి లోపలి గనిలో ఎలక్ట్రీషియన్. పంపులు, ఫ్యాన్లు, మోటార్లు చూసుకునేవాడు. బాయి మీద, అంటే గని దగ్గర, ఆయన చెవికి పేరుండేది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసను తిరిగే మోటారుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడట. "బేరింగు ఏడుస్తున్నది, ఈ వారం దాటది" అంటే దాటేది కాదు. పెద్ద పెద్ద మోటార్లకు కూడా బాపును పిలిచి వినిపించాకే విప్పేవాళ్ళు. చిన్నప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కూలర్ చప్పుడు, పిండిమర చప్పుడు, రైలు చప్పుడు విడదీసి వినడం నేర్పాడు. సంగీతం మాస్టారు దగ్గరికి పోకముందే నాకు శ్రుతి పట్టుబడిందంటే అది బాపు చలవే.

అందుకే కీబోర్డును ఏ షాపుకూ తీసుకెళ్ళనివ్వలేదు. "నేనుండంగ వేరేటోడు చెయ్యి పెట్టుడేంది?" అని డ్యూటీ లేని రోజు చూసి ముందేసుకున్నాడు.

బాపు ఇంట్లో బల్బు మార్చినా గని పద్ధతే. మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాడు. పీకినవాడి జేబులో ఫ్యూజు ఉంటే ఇంకెవరూ పొరపాటున కరెంటు వేయలేరని ఆయన ధీమా. ఓసారి అలాగే జేబులో వేసుకుని రెండో షిఫ్టుకు వెళ్ళిపోయాడు. ఆయన తిరిగొచ్చేదాకా మేము విసనకర్రలతో విసురుకుంటూ కూర్చున్నాం. అందుకే ఆ రోజు అమ్మ ముందుగానే పచ్చడి రుబ్బుకుని, "కానీ ఇగ, నీ బాయి పని మొదలువెట్టు" అంది.

కీబోర్డు బోర్లించి మరలు తీశాడు. ఓ మూలన అరచేయంత పవర్ సప్లయి బోర్డు ఉంది. గోడలోంచి వచ్చే కరెంటును కీబోర్డుకు తగ్గట్టు తగ్గించేది అదే. దాని మీద లావుపాటి కెపాసిటర్ ఒకటి నెత్తిన పూరీలా ఉబ్బింది. బాపు ముందు ఒక బల్బు వైర్లు తాకించి దాంట్లో మిగిలిన కరెంటు దించాడు. మార్కెట్ నుంచి అలాంటిదే కొత్తది తెచ్చి, పాతది ఊడబెరికి, పొయ్యి మీద కాల్చిన కడ్డీతో సోల్డరింగ్ పెట్టి అతికించాడు. జేబులోంచి ఫ్యూజు తీసి పెట్టాడు. తెర వెలిగింది, ఆరలేదు. మీటరు పెడితే సరిగ్గా పన్నెండు ఓల్టులు.

"చూసినవా?" అన్నాడు. తర్వాత, "ఒక్కసారి ఇంటే నిమ్మళం. మీ అమ్మ తెడ్డు తే" అన్నాడు.

కరెంటున్న బోర్డుకు ఇనుము తాకించకూడదు కాబట్టి కట్టె కావాలి. జొన్న గటక కలిపే తెడ్డు తెచ్చిచ్చాను. కాడ కొసను బోర్డు మీదున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనించి, వెడల్పు వైపు చెవి వెనక పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

అప్పటికే ఆ బోర్డు ఈల వేస్తోంది. సన్నగా, చెవిలో సూది పెట్టినట్టు, ఎక్కడా నిలకడ తప్పకుండా ఒకటే స్వరం. నాకు పళ్ళు జివ్వుమన్నాయి.

బాపు కళ్ళు తెరిచి నవ్వాడు. "సప్పుడే లేదు బిడ్డా. సల్లగ నిద్రపోయింది."

హాస్యమాడుతున్నాడేమో అనుకుని నేనూ నవ్వబోయాను. ఇంతలో వంటింట్లోంచి అమ్మ కేక వేసింది. "ఏందయ్యా ఆ ఈల? కుక్కర్ గూడ గంతసేపు కూయది! చెవులు పోతున్నయ్, బందు పెట్టు!"

బాపు తల తిప్పలేదు. నేను ఏమంటానా అని నా మొహమే చూస్తున్నాడు. తెడ్డు ఇంకా చెవి దగ్గరే ఉంది. అమ్మ గొణుక్కుంటూ వంటింటి తలుపు దబాలున వేసుకుంది. బాపు తన మాట వినకపోవడం ఆమెకు కొత్త కాదు.

నేను స్విచ్ ఆపేశాను. "మంచిగయింది బాపూ" అన్నాను.

ఆ మధ్యాహ్నమంతా నా మనసు మనసులో లేదు. ఒక్కొక్కటే గుర్తుకు రాసాగింది. పిల్లలెవరైనా స్వరం తప్పితే లోపలి గదిలోంచి "ఊహూ" అనే బాపు, ఆ ఏడు ఒక్కసారీ అనలేదు. గేటు చప్పుడుకు లేవడం మానేశాడు. మాట్లాడుతుంటే కళ్ళలోకి కాక పెదాల వంక చూస్తున్నాడు. మగవాళ్ళ గొంతులు, బరువైన చప్పుళ్ళు వినబడుతున్నట్టే ఉన్నాయి, సన్నవే పోయాయి. గనిలో మనిషిని కాపాడేవి ఆ సన్నవే. పైకప్పు దిగే ముందు ఆసరాగా నిలబెట్టిన దిమ్మెలు చిటపటమంటాయి, బొగ్గు పొట్టు జలజలా రాలుతుంది. విన్నవాడు పరుగెత్తి బయటపడతాడు. విననివాడి సంగతి మా కాలనీలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మర్నాడు మొదటి షిఫ్టు దిగే వేళ దాటాక ఇస్మాయిల్ కాక ఇంటికి పోయాను. ఆయన ఫిట్టర్. బాపు, ఆయన ఎన్నో ఏళ్ళుగా ఒకే జోడీ, ఒకే షిఫ్టు. కాక వాకిట్లో కూలర్‌కు కొత్త గడ్డి కూరుతున్నాడు. ఆయన భార్య నుస్రత్ చిన్నమ్మ నిమ్మకాయ షర్బత్ తెచ్చి చేతిలో పెట్టి పక్కనే కూర్చుంది.

"కాకా, బాపుకు ఇనపడ్తలేదు గదా?" అని అడిగేశాను.

ఆయన చేతిలోని గడ్డి కింద పడింది. "ఎవరు చెప్పిండ్రు బేటీ?"

"ఎవరూ చెప్పలే. నేనే చూసిన."

"రెండెండకాలాలాయె" అన్నాడు మెల్లగా. "మోటార్లకాడ చెవి పెట్టి నేనింటున్న, ఆయన చెప్తున్నడు. పైన జర చిటుక్కుమంటే భుజం మీద చెయ్యేసి గుంజుతున్న. అల్లా దయ, ఇప్పటిదాక ఏం కాలే."

నుస్రత్ చిన్నమ్మ నోరు కొంగుతో మూసుకుంది. ఆమెకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. "యా అల్లా! ఇద్దరి పానాలు పెట్టుకుని ఆటలా?" అని కాక మీద మండిపడింది.

"నేను ఎన్నిసార్లు చెప్పలే? పో, మెడికల్ బోర్డుకు పో, దవాఖానకు పో అన్న. ఇంటడా? వచ్చే ఏడు కంపెనీ చేసే మెడికల్ చెకప్పుల ఎట్లైనా బయటపడ్తది, అందాక నడువనియ్యి అంటడు" అన్నాడు కాక. తర్వాత నా వైపు చూడకుండా, "ఈ నెలాఖరుకు నాది రిటైర్మెంటు బేటీ. గదే నా ఫికర్" అన్నాడు.

జూన్ మొదలై అప్పటికి కొద్దిరోజులే అయింది. నెలాఖరు తర్వాత బాపు భుజం మీద ఎవరి చెయ్యీ ఉండదు. ఎండలో ఇంటికి నడిచొస్తూ ఆ ఒక్క మాటే అనుకున్నాను.

ఆ మర్నాడు కీబోర్డు మళ్ళీ విప్పాను. బాపు మొదటి షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, తుండుతో తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు. "మళ్ళేమైంది?"

ఆయనకు ఎదురుగా తిరిగి, పెదాలు కనబడేలా చెప్పాను. "ఇంకా జర సప్పుడున్నది బాపూ. నేనింట, నువ్వు చెయ్యి."

బాపు తుండు భుజాన వేసుకుని నన్ను చూశాడు. నేనూ చూశాను. ఆయన వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

తెడ్డు ఈసారి నా చేతిలో ఉంది. కాడ కొసతో బోర్డు మీది ముక్కలను ఒక్కొక్కటే మెల్లగా నొక్కుతూ పోయాను. లావుపాటి కెపాసిటర్, కాదు. ట్రాన్స్‌ఫార్మర్, కాదు. దాని పక్కన చింతగింజంత చిన్న కెపాసిటర్ ఇంకొకటి ఉంది. చూడటానికి నిక్షేపంలా ఉంది, ఉబ్బలేదు, పగల్లేదు. దాన్ని నొక్కగానే ఈల టక్కున ఆగింది. వదిలితే మళ్ళీ మొదలైంది.

"ఇది" అన్నాను.

బాపు కరెంటు ఆపి, ఫ్యూజు జేబులో వేసుకుని, బోర్డు తిరగేశాడు. భూతద్దం పెట్టి చూస్తే ఆ కెపాసిటర్ కాలి చుట్టూ సోల్డరింగ్ వెంట్రుక మందాన విడిపోయి ఉంది. కడ్డీ కాల్చి మళ్ళీ అతికించాడు. ఫ్యూజు పెట్టాక నా మొహం వంక చూశాడు. నేను తలూపాను. ఈల పోయింది.

"మీ అమ్మకు చెప్పకు" అన్నాడు అప్పుడు.

"ఎందుకు దాచిపెట్టినవ్ బాపూ?"

"మెడికల్ బోర్డుకు పోతే అన్‌ఫిట్ రాస్తరేమో. రాస్తే నా జాగల నిన్ను దింపుతరు."

"నేను చెయ్యనంటే ఎవరు దింపుతరు?"

"మీ అమ్మ దింపుతది. మీ మేనమామలు దింపుతరు. లైన్ల ఉన్నోళ్ళంత వచ్చి చెప్తరు, దొరకని నౌకరి దొరికింది, కాలదన్నుకోకు పిల్లా అని. ఆఖరుకు నువ్వే ఒప్పుకుంటవు. మీ అమ్మ ఏడుస్తుంటే చూసుకుంట కూసుంటవా?" బాపు నా చేతిలోని తెడ్డు తీసుకుని పక్కన పెట్టాడు. "మోటార్ల నడుమ నా చెవులు పోయినయ్. నీ చెవులు గూడ గాడనే పోవాలెనా?"

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నా కోసం ప్రాణం పణంగా పెట్టమని నేను అడిగానా? "ఇస్మాయిల్ కాక పోయినంక ఎట్ల మరి?" అని గట్టిగా అరిచాను.

అది ఆయనకు వినబడింది. "అప్పటి సంగతి అప్పుడు చూద్దాం" అని లేచి వెళ్ళిపోయాడు.

కీబోర్డు బాగయింది, పిల్లలు మళ్ళీ వచ్చారు. కానీ ఆ నెలంతా నేను పాఠం చెబుతూనే బయటికి చెవి పెట్టి ఉండేదాన్ని. షిఫ్టు దిగే వేళకు బాపు మోటారు సైకిల్ చప్పుడు వినిపిస్తేనే ఊపిరి పీల్చుకునేదాన్ని. కాస్త ఆలస్యమైతే వేళ్ళు తడబడేవి. అమ్మకు చెప్పేద్దామని రోజూ అనుకున్నాను. చెబితే బాపు బతుకుతాడు. మరి నేను? ఆ లెక్క వేసుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసేది. చివరికి కాక రిటైరైన సాయంత్రం ఏదేమైనా చెప్పెయ్యాలని తీర్మానం చేసుకున్నాను.

ఆ రోజు బాయి మీద షెడ్డు కింద సభ పెట్టారు. దండలు, శాలువాలు, ఇంటిదాకా ఊరేగించడానికి డప్పులవాళ్ళు, పూలు కట్టిన జీపు, అన్నీ సిద్ధం. వాన రాబోయేముందు ఉక్కపోత. కాక కోరిక మీద నేను కీబోర్డు తీసుకెళ్ళి రెండు పాటలు వాయించాను. అమ్మ, నుస్రత్ చిన్నమ్మ ముందు వరసలో పక్కపక్కనే కూర్చున్నారు. అధికారి మాట్లాడాడు, యూనియన్ వాళ్ళు మాట్లాడారు. ఆ తర్వాత సంపత్ మైకు తీసుకున్నాడు.

సంపత్ కొత్తగా చేరిన ఫిట్టర్. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. భార్య నిండు చూలాలు, వెనక కుర్చీలో కూర్చుంది. రేపటి నుంచి ఇస్మాయిల్ కాక జాగాలో బాపు పక్కన వేసింది ఇతన్నే.

"మా ఇంటిది బాయి అంటే శానా భయపడ్తది" అన్నాడు సంపత్ నవ్వుతూ. "నిన్ననే చెప్పిన. నాకేం ఫికర్ లేదు, నేను రఘుపతి కాక పక్కన పనిజేస్త అని. పైకప్పు ఒళ్ళు విరుచుకుంటే గూడ కాక చెవికి ముందుగాల తెలుస్తది. కాక ఉరుకుమంటే ఉరుకుత, నిలవడుమంటే నిలవడ్త. కాక చెవి ఉన్నంతదాక నాకేం కాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. సంపత్ భార్య సిగ్గుపడి తల దించుకుంది. ఇస్మాయిల్ కాక మాత్రం చప్పట్లు కొట్టలేదు. మెళ్ళో దండలతో కూర్చుని బాపు వంకే చూస్తున్నాడు.

మైకు మాట ఎంత వినబడిందో, పెదాలు చూసి ఎంత పట్టుకున్నాడో తెలియదు. బాపు కుర్చీలోంచి లేచాడు. వేదిక దగ్గరికి పోయి సంపత్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు. అందరూ స్నేహితుడి గురించి నాలుగు మాటలు చెబుతాడనుకున్నారు.

"సంపతూ" అన్నాడు. "నా మాట మీద ఉండకు బిడ్డా. నాకు ఇనపడది. రెండేండ్లాయె. ఇస్మాయిల్ భాయి కాపాడుకుంట వచ్చిండు. నువ్వు నా పక్కన దిగకు."

కింద ఎవరో నవ్వారు, పరాచికమనుకుని. అధికారి దగ్గరికి వచ్చి మెల్లగా ఏదో అడిగాడు. బాపుకు వినబడలేదు. "ఇనపడది సార్" అని మళ్ళీ అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎన్నో ఏళ్ళుగా ఏ చెవిని చూసి జనం ఆయనకు కుర్చీ వేశారో, ఆ చెవి పోయిందని అందరి ముందూ తన నోటితోనే చెప్పాడు. బాపు కోసం నేను చేసుకున్న తీర్మానాలన్నీ అక్కడే తేలిపోయాయి. తన ప్రాణం విషయంలో ఎన్నాళ్ళైనా మొండికేసేవాడు. ఇంకొకడి ఇల్లు తన చెవి మీద నిలబడేసరికి ఒక్క నిమిషం ఆగలేదు.

అధికారి మంచివాడు. బాపు భుజం తట్టి, రేపటి నుంచి లోపలికి దిగవద్దని, పొద్దున్నే దవాఖానకు రమ్మని సైగలతో చెప్పాడు. ఊరేగింపు ఆగలేదు కానీ డప్పులు మెల్లగా మోగాయి. ఇస్మాయిల్ కాక జీపు ఎక్కకుండా బాపు చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచాడు.

ఇంటికొచ్చాక అమ్మ దేవుడి దీపం కూడా పెట్టలేదు. బాపు ఎదురుగా కూర్చుని, మొహం మొహానికి దగ్గరగా పెట్టి అడిగింది. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే బోర్డుకు పొమ్మంటవు. బోర్డు నుంచి పిల్ల దాక వస్తవు" అన్నాడు బాపు.

తను అలాగే వచ్చేదని అమ్మకూ తెలుసు. ఆ పూట మా ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు.

పొద్దున్నే వెనకింటి సంధ్యారాణి వచ్చింది. చెడ్డ మనిషి కాదు, ఓదార్చడానికే వచ్చింది. అమ్మ అరుగు మీద చాటలో బియ్యం చెరుగుతోంది. నేను ముందు గదిలో పిల్లల కోసం చాపలు పరుస్తున్నాను. బాపు దవాఖానకు పోవడానికి లోపల చొక్కా వేసుకుంటున్నాడు.

"బాధపడకు పూలక్కా" అంది సంధ్యారాణి. "ఒకందుకు మంచిదే అయింది. పొద్దుగూకులు సంతోషిని చూసుకుంట మా హర్షీకి ఎన్నడొస్తదో అంటుంటివి గదా. బోర్డుల పూర్తి అన్‌ఫిట్ రాసిండ్రనుకో, ఇగ ఖాయమే. దేవుడు నీ మొర ఇన్నడు."

చాట ఆగింది. వీధి చివర సంతోషి స్కూటీ చప్పుడు వచ్చింది, పోయింది. అమ్మ తలెత్తలేదు.

"మా పిల్లకు నౌకరి ఉన్నది సంధ్యా" అంది నేను పరిచిన చాపల వంక చూస్తూ.

సంధ్యారాణికి అర్థం కాలేదు. అయోమయంగా నా వంక ఒకసారి చూసి, ఇంకేదో అనబోయి, ఊరుకుని వెళ్ళిపోయింది. బాపు గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. గేటు దాటుతున్న ఆమె వీపు కనబడింది కానీ మాటేమీ చెవిన పడలేదు.

"ఏమంటున్నది సంధ్య?" అని అడిగాడు.

అమ్మ చాట దించి లేచింది. ఆ మాట ఒకసారి అనడానికే ఆమె ఎంత గుంజాటన పడిందో నేను చూశాను. ఇప్పుడు లైన్లో నలుగురికీ వినబడేంత గట్టిగా మళ్ళీ అనాలి.

"మన పిల్లకు నౌకరి ఉన్నదని చెప్పిన!"

బాపు ఆమె పెదాల వంక చూసి తలూపాడు. ఆ గొంతులోని వణుకు ఆయనకు వినిపించలేదు. నాకు వినిపించింది.